కోల్పోయిన రొమ్మును తిరిగి కట్టించుకోవడం సృష్టిని మార్చడమా?

సర్వస్తోత్రాలూ అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు కురియుగాక!

మదరసా చదువు ముగించి వచ్చి ఏడాది కూడా నిండని రోజుల సంగతి. ఒక రాత్రి ఇషా నమాజు తర్వాత ఒక సోదరుడు నా దగ్గర కూర్చున్నాడు. మస్జిదులో అందరూ వెళ్ళిపోయేదాకా ఆగి, గొంతు తగ్గించి మాట్లాడాడు. ఆయన భార్యకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. బెంగళూరులో ఆపరేషన్ చేసి ఒక రొమ్ము పూర్తిగా తీసేశారు. మందులు ఎక్కించడం, కరెంటు పెట్టడం అన్నీ అయిపోయాయి. వీపు కండతో మళ్ళీ రొమ్ము ఆకారం కట్టవచ్చని ఇప్పుడు డాక్టరమ్మ చెబుతోందట. "మౌలానా, ఇది జాయెజేనా?" అని అడిగాడు.

నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "అల్లాహ్ సృష్టిని మార్చడం హరామ్. ప్రాణం దక్కింది కదా, షుక్ర్ చేయమనండి, సబ్ర్ చేయమనండి" అన్నాను. ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. మస్‌అలా చెప్పానన్న తృప్తితో నేనూ ఇంటికి వెళ్ళి నిద్రపోయాను.

చాలా కాలం తర్వాత ఆ సోదరి పరిస్థితి నా ఇంట్లోవాళ్ళ ద్వారా తెలిసింది. ఆమె రెండేళ్ళుగా ఏ పెళ్ళికీ వెళ్ళలేదు. స్త్రీల ఇజ్తిమాకు రావడం మానేసింది. స్నానానికి వెళ్తే లైటు ఆర్పేసుకునేది. రుకూలోకి వంగినప్పుడల్లా బట్ట ఒక పక్కకు జారి తన లోటు తనకే గుర్తొస్తోందని, నమాజులో ధ్యాస నిలవడం లేదని చెప్పుకుని ఏడ్చిందట. ఇది విన్నాక నేను గ్రంథాలు మళ్ళీ తెరిచాను. తెరిచిన కొద్దీ నా జవాబు ఎంత తొందరపాటుదో అర్థమైంది. ఆ తప్పును సరిదిద్దుకోవడానికీ, మరొకరు అదే తప్పు చేయకుండా ఉండడానికీ ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

వ్యాధి ఏమిటి? వైద్యం ఏమిటి?

ముందు విషయం సరిగా తెలుసుకోవాలి. విషయం తెలియకుండా హుకుమ్ చెప్పడం సరికాదని మన ఫుఖహా ఎప్పుడో హెచ్చరించారు.

రొమ్ము క్యాన్సర్ నేడు మన దేశ స్త్రీలలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే క్యాన్సర్. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో భారతదేశంలో సుమారు 1,92,000 మంది స్త్రీలకు ఇది కొత్తగా సోకింది. సుమారు 98,000 మంది దీనితో మరణించారు. ఇది పట్నం రోగమనీ, డబ్బున్నవాళ్ళ రోగమనీ అనుకోవడం పొరపాటు. వేరుశెనగ చేలలో కలుపు తీసే తల్లికీ, రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే చెల్లెలికీ ఇది రావచ్చు.

మన అనంతపురం పీఠభూమి దేశంలో అతి తక్కువ వర్షం పడే ప్రాంతాల్లో ఒకటి. ఇక్కడి కుటుంబాలకు పెద్ద జబ్బు వస్తే బస్సో రైలో ఎక్కి బెంగళూరుకో, కర్నూలుకో, తిరుపతికో, వేలూరుకో వెళ్ళడం అలవాటు. బెంగళూరులోని కిద్వాయ్ ఆస్పత్రి పేరు తెలియని క్యాన్సర్ కుటుంబం ఈ ప్రాంతంలో అరుదు. స్వాతంత్ర్య సమరయోధుడు, కేంద్ర మంత్రిగా పనిచేసిన రఫీ అహ్మద్ కిద్వాయ్ పేరే దానికి పెట్టారు. ఆరోగ్యశ్రీ పథకాన్ని 2007 ఏప్రిల్ 1న మొదట మూడు జిల్లాల్లో ప్రారంభించినప్పుడు వాటిలో అనంతపురం ఒకటి. ఆ తర్వాత పేదలు కూడా క్యాన్సర్ ఆపరేషన్ చేయించుకోగలిగారు. ప్రాణం నిలిచినవారు పెరిగారు. ఆపరేషన్ తర్వాత మిగిలిన జీవితం ఎలా గడపాలన్న ప్రశ్న కూడా వారితోపాటే మన మస్జిదుల గడప దాకా వచ్చింది.

ప్రాణం కాపాడుకోవడానికి అవయవాన్ని తీసేయడం గురించి మన విద్వాంసులలో సందేహం లేదు. ప్రముఖ తాబయీ హజ్రత్ ఉర్వా బిన్ జుబైర్ (రహ్మ) కాలికి కుళ్ళు పట్టినప్పుడు వైద్యులు ఆ కాలు కోసేశారు. ఆయన సహనంతో భరించారు, మిగిలిన అవయవాలకు కృతజ్ఞతలు చెప్పుకున్నారు. స్పెయిన్‌కు చెందిన ముస్లిం శస్త్రవైద్యుడు అబుల్ ఖాసిం జహ్రావీ క్రీ.శ. 1013 ప్రాంతంలో మరణించారు. రొమ్ము వంటి చోట క్యాన్సర్ చిన్నదిగా ఉండి, మొత్తంగా తీయడానికి వీలైనప్పుడే కోయాలని, ముదిరినదాన్ని ముట్టుకోవద్దని ఆయన తన గ్రంథం 'అత్తస్రీఫ్'లో రాశారు. ముదిరిన దశలో తాను ఎవరినీ బాగు చేయలేకపోయానని నిజాయితీగా ఒప్పుకున్నారు కూడా.

ఇక తీసేసిన రొమ్మును తిరిగి కట్టే విధానాలు రెండు రకాలు. ఒకటి, రోగి సొంత శరీరం నుండే కండ, కొవ్వు, చర్మం తీసి ఛాతీ మీద అమర్చడం. వీపు కండను ఇలా వాడవచ్చని ఇటలీ వైద్యుడు తాన్సినీ 1906లో వివరించారు. పొట్ట కింది భాగం కండను వాడే పద్ధతిని అమెరికాకు చెందిన హార్ట్‌రాంఫ్ 1982లో ప్రచురించారు. రెండవది, సిలికాన్ తిత్తిని చర్మం కింద పెట్టడం. ఇది 1962లో అమెరికాలో మొదలైంది. ఈ శస్త్రచికిత్సలు ఇప్పుడు హైదరాబాదు, బెంగళూరు వంటి నగరాల్లో జరుగుతున్నాయి.

ఇలా కట్టిన రొమ్ము పాలివ్వదు. మునుపటి స్పర్శ కూడా చాలావరకు తిరిగి రాదు. మరి ఎందుకు? తన శరీరం మళ్ళీ తనదిగా అనిపించడానికి. ఒక పక్క బరువు తగ్గి నడక, భుజం వంకరపోకుండా ఉండడానికి. నలుగురిలో బట్ట సర్దుకుంటూ కుంచించుకుపోకుండా ఉండడానికి. ఈ కోరిక వ్యర్థమైన షోకా, న్యాయమైన అవసరమా అన్నదే అసలు ప్రశ్న.

"సృష్టిని మార్చడం" అంటే ఏమిటి?

మానవులను దారి తప్పిస్తానని షైతాన్ ప్రతిన పూనిన సంగతి దివ్య ఖుర్‌ఆన్ నాలుగవ సూరా నిసాలో ఉంది. వారు పశువుల చెవులు చీల్చేలా, అల్లాహ్ సృష్టిలో మార్పులు చేసేలా పురికొల్పుతానని వాడు అన్నాడు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ఉల్లేఖించిన ప్రసిద్ధ హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. పచ్చబొట్లు పొడిచే, పొడిపించుకునే స్త్రీలను, ముఖం మీది వెంట్రుకలు పీకించుకునేవారిని, అందం కోసం పళ్ళ మధ్య సందు చేయించుకునేవారిని అందులో శపించడం జరిగింది. వారు అల్లాహ్ సృష్టిని మార్చేవారని చెప్పబడింది. ఆ రాత్రి నా నోట వచ్చిన జవాబుకు ఆధారం ఇదే. ఆధారం నిజమైనదే. దాన్ని నేను పెట్టిన చోటే తప్పు.

ఒక్కసారి ఆలోచించండి. సున్తీ చేయడం శరీరంలో మార్పు కాదా? గోళ్ళు తీయడం, పుచ్చిన పన్ను పీకించడం, చీలిన పెదవితో పుట్టిన బిడ్డకు కుట్లు వేయించడం మార్పులు కావా? శరీరంలో జరిగే ప్రతి మార్పూ ఈ ఆయతు కిందికి రాదని దీన్నిబట్టే తెలుస్తోంది. ఇక్కడ సృష్టి అంటే అల్లాహ్ ధర్మం అని, అంటే హలాల్‌ను హరామ్‌గా, హరామ్‌ను హలాల్‌గా మార్చడం అని తొలితరం వ్యాఖ్యాతలలో పలువురు అర్థం చెప్పారు. ఇమామ్ తబరీ (రహ్మ) ఆ అర్థానికే మొగ్గు చూపారు. ఈ మాట చదివినప్పుడు నాకు చెమట పట్టింది. అల్లాహ్ హరామ్ చేయని దాన్ని హరామ్ అని చెప్పి ఆ ఆయతు హెచ్చరికకు దగ్గరగా వెళ్ళింది ఆ సోదరా, నేనా?

హదీసులో ఒక చిన్న మాట ఉంది. పళ్ళ మధ్య సందు "అందం కోసం" చేయించుకునేవారు అని. క్రీ.శ. 1277లో పరమపదించిన ఇమామ్ నవవీ (రహ్మ) సహీహ్ ముస్లిం వ్యాఖ్యానంలో ఈ మాట దగ్గర ఆగి వివరించారు. అందాన్ని కోరి చేసేదే నిషిద్ధమని ఈ పదం సూచిస్తోందని, చికిత్స కోసమో, పంటిలో లోపం వల్లనో అవసరమైతే తప్పులేదని ఆయన తాత్పర్యం. అంటే షరీఅత్ చూసేది కత్తిని కాదు, ఆ కత్తి ఎందుకు పడుతున్నారన్నదాన్ని. ఆరోగ్యంగా ఉన్న దేహంతో అసంతృప్తి చెంది, సినిమా తారలను చూసి కొలతలు మార్చుకోవడం ఒక సంగతి. రోగం తీసుకుపోయిన దాన్ని మునుపటి స్థితికి తెచ్చుకోవడం వేరే సంగతి. మొదటిది సృష్టికర్త ఇచ్చినదాన్ని కాదనడం. రెండవది ఆయన ఇచ్చిన రూపాన్నే తిరిగి కోరుకోవడం.

అర్ఫజా (రజి) ముక్కు

దీనికి అన్నిటికంటే స్పష్టమైన దలీల్ హజ్రత్ అర్ఫజా బిన్ అస్అద్ (రజి) ఉదంతం. అబూ దావూద్, తిర్మిజీ, నసాయీ గ్రంథాల్లో ఇది ఉంది. అజ్ఞాన కాలంలో జరిగిన కులాబ్ యుద్ధంలో ఆయన ముక్కు తెగిపోయింది. వెండి ముక్కు చేయించి పెట్టుకున్నారు. అది దుర్వాసన కొట్టసాగింది. అప్పుడు మహాప్రవక్త (సఅసం) బంగారు ముక్కు చేయించుకోమని ఆయనకు చెప్పారు.

ఈ సంఘటనలో మూడు విషయాలు గమనించాలి. మొదటిది, ఆయన ప్రాణానికి ముప్పు లేదు. వెండి ముక్కు వాసన వేస్తే దాన్ని తీసేసి ముక్కు లేకుండానే బతకవచ్చు. ప్రవక్త (సఅసం) ఆయనకు "సబ్ర్ చేయి, అలాగే ఉండు" అని చెప్పలేదు. రెండవది, పురుషులకు బంగారం హరామ్. అయినా ఇక్కడ దానికి అనుమతి లభించింది. మూడవది, ఆ ముక్కు వాసన పీల్చడానికి కాదు, మనిషి నలుగురిలో తలెత్తుకోవడానికి. లోహపు ముక్కుకు అనుమతి దొరికినప్పుడు సొంత కండతో కట్టుకున్న రొమ్ముకు ఎందుకు దొరకదు?

అనివార్యం కాకపోయినా, లేకపోతే మనిషి ఇరుకున పడే దాన్ని ఫుఖహా 'హాజత్' అంటారు. తప్పనిసరి అవసరమైన 'జరూరత్', కేవలం అలంకారమైన 'తహ్సీన్' వేరు. రొమ్ము తిరిగి కట్టించుకోవడాన్ని అలంకారం ఖాతాలో వేయడమే నేను చేసిన పొరపాటు. అది హాజత్. హాని తొలగించబడాలన్నది ఫిఖ్ మూలసూత్రాలలో ఒకటి. మనసుకు తగిలిన హాని హాని కాదని ఏ ఇమామూ చెప్పలేదు.

ఒక బలమైన అభ్యంతరం

నిజాయితీగా మాట్లాడాలంటే ఎదుటి పక్షం దలీల్‌ను కూడా చూడాలి. హజ్రత్ అస్మా బిన్తె అబూ బక్ర్ (రజి) ఉల్లేఖనంలో ఒక తల్లి ప్రవక్త (సఅసం) వద్దకు వస్తుంది. తన కూతురికి జబ్బు చేసి జుట్టు రాలిపోయిందని, పెళ్ళి కుదిరిందని, సవరం అతికించవచ్చా అని అడుగుతుంది. ప్రవక్త (సఅసం) అనుమతించలేదు. జుట్టు అతికేవారినీ, అతికించుకునేవారినీ అల్లాహ్ శపించాడని చెప్పారు. జుట్టు పోయింది రోగం వల్లే కదా, అయినా నిషేధించారు కదా అని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్న న్యాయమైనదే.

దీనికి విద్వాంసులు ఇచ్చిన జవాబులు చూడండి. ఆ నిషేధానికి కారణం మోసం అని కొందరన్నారు. పెళ్ళి సమయంలో లేనిదాన్ని ఉన్నట్టు చూపడం వరుణ్ణి మభ్యపెట్టడమే. మరొక మనిషి శరీర భాగాన్ని వాడుకోవడమే కారణమని ఇంకొందరన్నారు. మన హనఫీ ఫుఖహా మనిషి జుట్టును నిషేధించి, ఉన్ని, దారాల వంటివాటితో జడ అల్లుకోవడాన్ని అనుమతించింది ఇందుకే. హజ్రత్ కాసానీ (రహ్మ) 'బదాయి' గ్రంథంలో ఊడిన పంటి గురించి ఇలాంటి చర్చే చేశారు. ఇతరుల పన్ను పెట్టుకోవడం మక్రూహ్ అనడంలో ఇమాములు ఏకమయ్యారు. ఊడిన తన పన్నునే తిరిగి పెట్టుకోవడంలో మాత్రం అభిప్రాయభేదం ఉంది. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) అందులో తప్పులేదన్నారు.

ఈ రెండు కారణాలలో ఏదీ మన మస్‌అలాకు వర్తించదు. కండ ఆమె సొంతం. భర్తకు, కుటుంబానికి ఆపరేషన్ సంగతి తెలుసు. మోసానికి తావే లేదు. అయితే ఈ హదీసు మనకొక షరతు నేర్పుతోంది. పెళ్ళి కావలసిన అమ్మాయి విషయంలో సంబంధం మాట్లాడేటప్పుడు జబ్బు సంగతి, ఆపరేషన్ సంగతి దాచకూడదు. రొమ్ము కట్టించుకోవడం హలాల్. దాన్ని అడ్డుపెట్టుకుని నిజాన్ని దాచడం హలాల్ కాదు.

విద్వాంసుల సభ నిర్ణయం

ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. వివిధ ముస్లిం దేశాల ఉలమాలతో కూడిన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 2007 జూలైలో మలేషియాలోని పుత్రజయలో సమావేశమై శస్త్రచికిత్సలతో రూపం సరిదిద్దే విషయంపై తీర్మానం చేసింది. అది ఆ అకాడమీ 173వ తీర్మానం. కేవలం యవ్వనం, అందం కోసం చేసే ఆపరేషన్లను అది తోసిపుచ్చింది. పుట్టుకతో వచ్చిన లోపాలను, కాలిన గాయాలు, ప్రమాదాలు, రోగాల వల్ల వచ్చిన లోపాలను సరిచేయడాన్ని అనుమతించింది. ఆ అనుమతికి ఉదాహరణలు చెబుతూ, తీసేసిన రొమ్మును తిరిగి నిర్మించడాన్ని పేరుతో సహా పేర్కొంది. నేను మస్జిదులో ఆ జవాబు చెప్పే నాటికే ఈ తీర్మానం వెలువడి ఉంది. నేనే చదవలేదు.

అనుమతితోపాటు పాటించవలసినవి కూడా ఉన్నాయి. ఒకటి, ప్రయోజనం కంటే హాని ఎక్కువ ఉండకూడదు. రేడియేషన్ తీసుకున్న చోట సిలికాన్ పెడితే ఇబ్బందులు ఎక్కువని, సిలికాన్ తిత్తి జీవితకాలం నిలిచేది కాదని వైద్యులు చెబుతారు. గరుకు పైపొర ఉన్న ఒక రకం తిత్తుల వల్ల అరుదైన క్యాన్సర్ వస్తోందని తేలి 2019లో వాటిని ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకున్నారు. కనుక నమ్మకమైన వైద్యులు చెప్పింది విని నిర్ణయించుకోవాలి.

రెండు, లోపల ఆధారంగా కొన్నిసార్లు జాలీలాంటి పొర వాడతారు. అది కొన్ని కంపెనీల్లో పంది చర్మం నుండి, కొన్నిట్లో మరణించిన మనిషి చర్మం నుండి, కొన్నిట్లో పశువుల నుండి తయారవుతుంది. "డాక్టరుగారూ, ఇది దేనితో చేసింది?" అని ముందే అడగండి. అడగడంలో నామోషీ లేదు. వేరే మార్గం ఉన్నప్పుడు పంది నుండి తీసినది వాడకూడదు.

మూడు, వీలైనంత వరకు స్త్రీ వైద్యురాలి చేత చేయించుకోవాలి. దొరకకపోతే పురుష వైద్యుడు అవసరమైన మేరకే చూడవచ్చు, తాకవచ్చు. యుద్ధాల్లో గాయపడిన పురుషులకు సహాబియాలు సేవ చేశారని బుఖారీలో ఉంది. అవసరం తెచ్చిన సడలింపు అవసరం ఉన్నంత వరకే.

నాలుగు, నమాజు సంగతి. గాయం మానే దాకా నీళ్ళు హాని చేస్తాయని వైద్యులు చెబితే షరీఅత్ సడలింపు ఇస్తుంది. గాయం నుండి గొట్టం ద్వారా రక్తం ఆగకుండా కారుతుంటే ఆ సోదరి 'మాజూర్' కిందికి వస్తుంది. ప్రతి నమాజు వేళకూ కొత్తగా వుజూ చేసుకుంటే చాలు. లోపల పెట్టిన సిలికాన్ వల్ల గుస్ల్‌కు ఆటంకం లేదు. బయట పెట్టుకునే ప్యాడ్‌ను మాత్రం గుస్ల్ సమయంలో తీసెయ్యాలి.

అనుమతి వేరు, విధి వేరు

ఇక్కడ రెండో వైపు ప్రమాదం ఒకటి ఉంది. జాయెజ్ అని తెలియగానే కొందరు భర్తలు, అత్తమామలు దాన్ని తప్పనిసరి చేస్తారు. "కట్టించుకో, లేకపోతే నీ దారి నీది" అనేదాకా వెళ్తారు. ఇది జుల్మ్.

ఉహుద్ యుద్ధాన్ని గుర్తు చేసుకోండి. ఆ రోజు హజ్రత్ ఖతాదా బిన్ నూమాన్ (రజి) కన్ను ఊడి చెంప మీదికి జారిందని, మహాప్రవక్త (సఅసం) తన చేతితో దాన్ని తిరిగి అమర్చారని సీరత్ గ్రంథాలు చెబుతాయి. అదే యుద్ధంలో ప్రవక్త (సఅసం)ను కాపాడుతూ బాణాలకు అడ్డుపెట్టిన హజ్రత్ తల్హా (రజి) చేయి చచ్చుపడిపోయింది. అది జీవితాంతం అలాగే ఉండిపోయింది. ఒకే యుద్ధంలో ఒకరి అవయవం తిరిగి వచ్చింది, ఒకరిది రాలేదు. వారిలో ఎవరి గౌరవం తగ్గింది? ఉహుద్‌లో కత్తి పట్టి నిలిచిన హజ్రత్ ఉమ్మె అమారా (రజి) యమామా యుద్ధంలో తన చేతిని కోల్పోయారు. ఆమెను ఎవరైనా వికలాంగురాలని తక్కువగా చూశారా? కట్టించుకున్న సోదరి సృష్టిని మార్చినది కాదు. కట్టించుకోని సోదరి అసంపూర్ణురాలూ కాదు. నిర్ణయం ఆమెది. భర్త సలహా ఇవ్వాలి, తోడు నిలవాలి. తన ఇల్లాలి పట్ల మంచిగా మసలేవాడే మీలో మంచివాడన్నది ప్రవక్త (సఅసం) బోధన సారం. ఆ మంచితనానికి పరీక్ష ఆమె ఆరోగ్యంగా, అందంగా ఉన్న రోజుల్లో జరగదు. ఆస్పత్రి నుండి కట్టుతో తిరిగి వచ్చిన రోజున జరుగుతుంది.

మన సీమలో మరో మాట కూడా చెప్పక తప్పదు. అనుమతి ఉంది కదా అని వడ్డీకి అప్పు తెచ్చి, ఉన్న రెండెకరాలు తాకట్టు పెట్టి ఈ ఆపరేషన్ చేయించుకోనక్కరలేదు. వడ్డీ హరామ్. వరుసగా వానలు మోసం చేసే నేల మీద ఆ అప్పు ఇంటిల్లిపాదినీ ముంచుతుంది. స్తోమత ఉంటే, లేదా ప్రభుత్వ సాయం దొరికితే చేయించుకోవచ్చు. లేకపోతే మెత్తటి గుడ్డతో, దూదితో కుట్టిన ప్యాడ్ లోపల పెట్టుకోవచ్చు. అది కూడా ధర్మసమ్మతమే. జకాత్ ఇచ్చే పెద్దలు పేద రోగి క్యాన్సర్ మందులకు ముందు చేయి చాచాలి. ఆ తర్వాత ఇలాంటి చిన్న అవసరాలను కూడా చిన్నచూపు చూడకూడదు.

హయా ప్రాణం తీయకూడదు

అసలు ఈ బాధ ఇంత దూరం రావడానికి మూలం మరొకటి ఉంది. రొమ్ములో గడ్డ తగిలినా మన అక్కచెల్లెళ్ళు నెలల తరబడి చెప్పరు. అమ్మీకి చెప్పడానికి సిగ్గు, భర్తకు చెప్పడానికి భయం, డాక్టరుకు చూపడానికి హయా. నొప్పి లేదు కదా అని ఊరుకుంటారు. తొలిదశలో ఆ గడ్డకు చాలాసార్లు నొప్పి ఉండదు, అదే దాని మోసం. గడ్డ చిన్నగా ఉన్నప్పుడే వస్తే రొమ్ము మొత్తం తీయాల్సిన అవసరం చాలామందికి ఉండదు. గడ్డను మాత్రమే తీసి రేడియేషన్ ఇస్తే ఆయుష్షు విషయంలో తేడా ఉండదని 1985లోనే అమెరికాలో పెద్ద పరిశోధన తేల్చింది. ఈనాడు మనం చర్చిస్తున్న ఆపరేషన్ అవసరమే చాలామందికి రాకుండా ఆ ఒక్క జాగ్రత్త కాపాడుతుంది.

హయా ఈమాన్‌లో భాగమే. అన్సారీ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్నది ఎందుకో తెలుసా? ధర్మం తెలుసుకునే విషయంలో సిగ్గు వారికి అడ్డు రాలేదని. అల్లాహ్ ప్రతి వ్యాధికీ మందు దించాడని, వైద్యం చేయించుకోమని ప్రవక్త (సఅసం) చెప్పారు. తల్లి కూతురికి, అత్త కోడలికి ఈ మాట చెప్పాలి. స్త్రీల ఇజ్తిమాలో ఒక వైద్యురాలిని పిలిపించి చెప్పించాలి.

ఇక నాలాంటి వారికి ఒక హదీసు. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం అబూ దావూద్‌లో ఉంది. ప్రయాణంలో ఒకరికి తల పగిలింది. ఆయనకు స్నానం తప్పనిసరి అయింది. తయమ్ముమ్‌కు అనుమతి ఉందా అని తోటివారిని అడిగారు. నీళ్ళున్నాయి కనుక అనుమతి లేదన్నారు వారు. ఆయన స్నానం చేసి మరణించారు. సంగతి తెలిసి ప్రవక్త (సఅసం) తీవ్రంగా బాధపడ్డారు. వాళ్ళే అతన్ని చంపారన్నారు. తెలియనప్పుడు అడగవలసింది కాదా అన్నారు. కఠినంగా చెబితే తఖ్వా, సులువు చెబితే బలహీనత అని భ్రమపడే ప్రతి మౌల్వీ ఈ హదీసును తన గోడ మీద రాసుకోవాలి. లేని అనుమతి ఇవ్వడం ఎంత తప్పో, ఉన్న అనుమతిని ఆపడమూ అంతే తప్పు.

ఆ తర్వాత నేను ఆ సోదరుడి ఇంటికి వెళ్ళాను. పరదా వెనుక ఆమె ఉండగా, "నేను చెప్పింది తప్పు. ఇది జాయెజ్. నన్ను మాఫ్ చేయండి" అన్నాను. కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఆమె చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "మౌలానా, ఇప్పుడు ఆపరేషన్ వద్దులెండి. ఆ డబ్బు పిల్ల చదువుకు పెట్టాం. నేనే ప్యాడ్ కుట్టుకున్నాను, సరిపోతోంది. కానీ అడిగినందుకే నాకు గునాహ్ అయిందేమో అని ఇన్నాళ్ళూ భయపడుతూ ఉన్నాను. హరామ్ కాదని తెలిసింది, అది చాలు."

ఆమెకు కావలసింది కత్తి కాదు. తన బాధను అల్లాహ్ తప్పుపట్టడం లేదన్న హామీ. దాన్ని రెండేళ్ళ పాటు ఆమెకు అందకుండా చేసింది రోగం కాదు, నా తొందరపాటు.

ఓ అల్లాహ్! రోగంతో పోరాడుతున్న మా తల్లులకు, అక్కచెల్లెళ్ళకు పరిపూర్ణ స్వస్థత ప్రసాదించు. వారి భర్తలకు దయగల హృదయాలు ఇవ్వు. ధర్మం చెప్పే మాకు జ్ఞానాన్ని, జ్ఞానం లేని చోట అడిగే వినయాన్ని ఇవ్వు. తెలియక మేము ఎవరి మనసు విరిచామో వారి మనసులను నీ కారుణ్యంతో అతికించు. ఆమీన్.